పొగ రంగు చెప్పే సంగతి: డీజిల్ వాహన యజమానులకు సూచనలు

బెంగళూరులో స్థిరపడిన తెలుగువారిలో వ్యాన్లు, మినీ బస్సులు, సరుకు బండ్లు నడుపుకొని జీవించే కుటుంబాలు అనేకం ఉన్నాయి. టెంపో ట్రావెలర్ వంటి వాహనాల లోపల పడకలు, వంటగట్టు అమర్చి కారవాన్లుగా యాత్రికులకు అద్దెకిచ్చేవారు కూడా ఇటీవల కనిపిస్తున్నారు. వీరందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే చిక్కు సైలెన్సరు నుండి వెలువడే అధిక పొగ. పొగ కనబడగానే పంపు విప్పాలనీ, ఇంజన్ బోరు చేయించాలనీ చెప్పే సలహాలకు కొదవ లేదు. వంద రూపాయల క్లిప్పుతో తీరవలసిన లోపానికి వేల రూపాయలు వ్యయం చేసి, పొగ మాత్రం తగ్గని వాహనంతో ఇంటికి తిరిగి వచ్చినవారు కూడా ఉన్నారు. పొగ రంగును, అది వెలువడే సమయాన్ని గుర్తెరిగిన యజమాని అట్టి నష్టాన్ని చాలావరకు తప్పించుకొనగలడు.

పొగ ఎందుకు పుడుతుంది?

డీజిల్ ఇంజన్‌లో నిప్పురవ్వను పుట్టించే ప్లగ్గు ఉండదు. సిలిండరులోని గాలిని పిస్టన్ గట్టిగా నొక్కినప్పుడు ఆ గాలి మిక్కిలి వేడెక్కుతుంది. అందులోకి నాజిల్ సన్నని తుంపరగా చిమ్మిన డీజిల్ ఆ వేడికే అంటుకొంటుంది. కావున సక్రమమైన దహనానికి మూడు అవసరం: చాలినంత గాలి, సన్నని తుంపర, తగిన వేడి. గాలి తగ్గినా, తుంపర చెడినా, డీజిల్ మోతాదు మించినా నల్లని పొగ వస్తుంది. వేడి చాలకపోతే మండని డీజిల్ తెల్లని పొగగా బయటపడుతుంది. ఇంజన్ ఆయిల్ సిలిండరులోకి చేరి మండితే పొగకు నీలి రంగు వస్తుంది.

మెకానిక్ వద్దకు వెళ్లక ముందు

పగటి వెలుతురులో ఒకరు వాహనాన్ని నడుపుతుండగా మరొకరు వెనుక నుండి పొగను పరిశీలించాలి. ఈ నాలుగు విషయాలను కాగితంపై వ్రాసుకొనండి.

1. పొగ రంగు ఏమిటి?
2. ఎప్పుడు వస్తున్నది? ఉదయం తొలి స్టార్టులోనా, ఎత్తు ఎక్కేటప్పుడా, ఆక్సిలరేటరు వదిలి మరల నొక్కినప్పుడా, ఎల్లవేళలానా?
3. వాసన ఎటువంటిది? పచ్చి డీజిల్ వాసనా, కాలిన ఆయిల్ వాసనా, తియ్యని వాసనా?
4. ఏది తగ్గుతున్నది? ఆయిలా, కూలెంటా, మైలేజీయా, పికప్పా?

నల్లని పొగ

అధికంగా కనిపించేది ఇదే. మొదట ఎయిర్ ఫిల్టరును చూడాలి. నిర్మాణ పనుల ధూళి దట్టంగా ఉన్న మార్గాలలో తిరిగే వాహనాలకు ఫిల్టరు నిర్ణీత గడువుకు ముందే మూసుకుపోతుంది. కాగితపు ఫిల్టరును వెలుతురుకు ఎదురుగా పట్టినప్పుడు కాంతి కానరాకపోతే దానిని మార్చవలసినదే. ఫిల్టరు లేకుండా ఒక్క రోజైనా నడపరాదు. లోనికి పోయిన ధూళి పిస్టన్ రింగులను, బోరును అరగదీస్తుంది.

రెండవది టర్బో నుండి ఇంజన్‌కు గాలిని చేర్చే రబ్బరు గొట్టం. అది చీలినా, క్లిప్పు వదులైనా గాలి మార్గమధ్యంలోనే బయటకు పోతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు బుస్సుమనే శబ్దం, పికప్పు పడిపోవడం, గొట్టం అతుకుల వద్ద ఆయిల్ మరకలు దీనికి గుర్తులు. ఇంజన్ ఆపి, చల్లారిన పిదప గొట్టాన్ని చేతితో వంచి చూస్తే చీలిక కనిపిస్తుంది. పైకి చూస్తే మాత్రం అనేక సందర్భాలలో తెలియదు.

మూడవది ఇ.జి.ఆర్. వాల్వు. కొంత పొగను మరల ఇంజన్‌లోకి పంపే ఈ వాల్వు మసి పట్టి తెరుచుకొని ఉండిపోతే లోపల స్వచ్ఛమైన గాలి తగ్గుతుంది. దీనిని శుభ్రం చేయవచ్చును.

ఇవన్నీ సరిగా ఉన్నప్పుడే నాజిళ్లను, పంపును అనుమానించాలి. నాజిల్ తుంపరగా చిమ్మక బొట్లుగా కారుతున్నదా అన్నది డీజిల్ పంపు షాపులోని పరీక్షా యంత్రంపై కంటికి కనిపిస్తుంది. ఆ పరీక్షను యజమాని దగ్గరుండి చూడాలి. పాత తరహా పంపులలో పికప్పు కొరకు డీజిల్ స్క్రూను ఎవరైనా తిప్పి ఉంటే నల్లని పొగతోపాటు ఇంజన్ వేడి కూడా పెరుగుతుంది.

ఈ నగరం సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. ఇచ్చటి గాలి తీర ప్రాంతపు గాలి కంటే పలుచన. కావున టర్బో లేని పాత ఇంజన్‌కు తీర ప్రాంతంలో సరిచేసిన పంపు మోతాదు ఇచ్చట కొంత అధికమై పొగ రావచ్చును. నెల్లూరు నుండో, కాకినాడ నుండో పాత బండి కొని తెచ్చుకొన్నవారు ఈ విషయాన్ని మెకానిక్‌కు తప్పక తెలపాలి.

నడిపే తీరు కూడా కారణమే. నిండా ప్రయాణికులతో, ఏ.సి. నడుస్తుండగా తిరుపతి దారిలోని మొగిలి ఘాట్ వంటి ఎత్తును పై గేరులోనే లాగిస్తే లోపం లేని ఇంజన్ కూడా నల్లగా పొగ కక్కుతుంది. సకాలంలో గేరు తగ్గించడమే దానికి మందు.

తెల్లని పొగ

చలికాలపు ఉదయం స్టార్టు చేయగానే వచ్చి, గాలిలో వెంటనే కలిసిపోయేది నీటి ఆవిరి. దానికి భయపడనవసరం లేదు. కండ్లు మండించే డీజిల్ వాసనతో తెల్లని పొగ చాలాసేపు నిలిస్తే డీజిల్ మండడం లేదని అర్థం. ఇంజన్ వేడెక్కగానే ఆగిపోతే హీటరు ప్లగ్గులను పరీక్షించాలి. వేడెక్కినా ఆగకపోతే డీజిల్‌లో నీరు చేరడం, పంపు టైమింగు తప్పడం, కంప్రెషన్ తగ్గడం వంటి కారణాలు ఉండవచ్చును. డీజిల్ ఫిల్టరు అడుగున చేరిన నీటిని వదిలివేయడం వీటిలో అతి సులభమైనది. దానిని మొదట చేయాలి.

తెల్లని పొగలో తియ్యని వాసన ఉండి, కూలెంటు తరచుగా తగ్గుతూ, ట్యాంకులో బుడగలు వస్తుంటే హెడ్ గాస్కెట్ పోయి ఉండవచ్చును. డిప్‌స్టిక్‌పై ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో ఉన్నా ఇదే సూచన. అప్పుడు వాహనాన్ని నడపక, లాగించుకొని తీసుకుపోవడమే మేలు. ఇంజన్ వేడిగా ఉండగా రేడియేటరు మూత తెరవరాదు. ఎగసివచ్చే నీటికి ముఖము, చేతులు కాలిపోగలవు.

నీలి పొగ

తొలుత ఆయిల్ మట్టాన్ని చూడాలి. పై గీతకు మించి పోసినా నీలి పొగ రాగలదు. మట్టం సరిగా ఉంటే పొగ వచ్చే సమయాన్ని గమనించాలి. చాలాసేపు నిలిపి ఉంచి కదిలించినప్పుడు, లేదా దిగుడులో ఆక్సిలరేటరు వదిలి మరల నొక్కినప్పుడు ఒక్కసారిగా వస్తే వాల్వు సీళ్లు అరిగి ఉండవచ్చును. బరువు లాగేటప్పుడు ఎడతెగక వస్తూ, ఆయిల్ పోసే మూత తీసినప్పుడు లోపలి నుండి పొగ బలంగా తన్నుకొని వస్తే పిస్టన్ రింగులు అరిగినట్లు భావించవచ్చును. అయినప్పటికీ కంప్రెషన్ పరీక్ష చేయించకుండా బోరు పనికి అంగీకరించవద్దు. టర్బో సీలు పోయినా పొగ నీలిగానే ఉంటుంది. బోరుతో పోలిస్తే టర్బో మరమ్మతు వేరు.

టర్బో నుండి ఆయిల్ విపరీతంగా లోనికి పోతే ఇంజన్ ఆ ఆయిల్‌నే ఇంధనంగా మండించుకొంటూ, తాళం తీసినా ఆగక పరుగెత్తగలదు. అట్టి సమయంలో బ్రేకు గట్టిగా నొక్కి, పై గేరు వేసి, క్లచ్చు వదిలి ఇంజన్‌ను నిలిపివేయాలి. గాలి గొట్టానికి చేయి అడ్డుపెట్టరాదు. నీలి పొగ పెరుగుతున్నప్పుడు "రేపు చూద్దాం" అనుకోవడం ఇందువలననే ప్రమాదకరం.

బి.ఎస్. 6 వాహనాలు

2020 ఏప్రిల్ 1 నుండి అమలైన బి.ఎస్. 6 ప్రమాణాల ప్రకారం తయారైన డీజిల్ వాహనాలలో మసిని పట్టి ఉంచే డి.పి.ఎఫ్. ఫిల్టరు ఉంటుంది. వాటి నుండి నల్లని పొగ కంటికి కనిపించిందంటే ఆ ఫిల్టరు పగిలిందనో, ఎవరో తొలగించారనో అనుమానించాలి. నగర రద్దీలోనే తిరిగే వాహనంలో చేరిన మసి కాలిపోవడానికి తగిన వేడి దొరకదు. హెచ్చరిక దీపం వెలిగినప్పుడు తయారీదారు పుస్తకంలో చెప్పిన విధంగా హైవేపై నిలకడగా నడపాలి. యాడ్‌బ్లూ అనునది నీటిలో 32.5 శాతం యూరియా కలిపిన ద్రావణం. దానిని పొరపాటున కూడా డీజిల్ ట్యాంకులో పోయరాదు.

చట్టం, ఆరోగ్యం

కొత్త వాహనానికి రిజిస్ట్రేషన్ జరిగిన ఏడాది తరువాత కాలుష్య పరీక్షా పత్రం తప్పనిసరి. మోటారు వాహనాల చట్టంలోని 190 (2) సెక్షను ప్రకారం కాలుష్య ప్రమాణాలను ఉల్లంఘించినవారికి రూ. 10,000 వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు శిక్ష, లేదా రెండూ విధించవచ్చును. పరీక్ష రోజున పంపు స్క్రూ తగ్గించి, మరునాడు మరల తిప్పేవారు చట్టాన్ని మోసగించినట్లు భావిస్తారు. కాని ఆ పొగను మొదట పీల్చేది డ్రైవరు, ఇరుకు వీధిలో బండి నిలిపే చోటికి పక్కనున్న ఇంటి పసిపిల్లలు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనా విభాగం 2012లో డీజిల్ పొగను మానవులలో క్యాన్సరు కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది.

కంటికి కనిపించని అపాయం మరొకటి ఉన్నది. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన లేవు. మూసిన షెడ్డులో ఇంజన్ నడిపి పరీక్షించరాదు. కారవాన్‌లో గాని, క్యాబిన్‌లో గాని ఇంజన్ లేదా జనరేటరు నడుస్తుండగా నిద్రించరాదు.

చివరగా ఒక క్రమం గుర్తుంచుకొనండి: ముందు ఖర్చు లేని పరిశీలన, తరువాత చవకైన ఫిల్టర్లు, గొట్టాలు, ఆపై పరీక్షలు, అన్నిటికంటే చివర పంపు, బోరు. మార్చిన పాత భాగాలను, బిల్లును అడిగి తీసుకొనండి. మీరు వ్రాసుకొన్న కాగితాన్ని మెకానిక్ చేతికి ఇవ్వండి. మంచి పనివాడు దానిని చూసి సంతోషిస్తాడు.