తేనెటీగల జిగురు – పావురాల రోగాలు

పావురాలను ముచ్చటపడి పెంచేవారు మన హోసూరు, కృష్ణగిరి ప్రాంతాలలోనూ ఉన్నారు. వేళకు గింజలు చల్లి, నీళ్లు పెట్టి, వాటిని ఇంటిబిడ్డల వలె చూచుకొంటారు. అటువంటి పక్షి ఒకనాడు మేత మాని, ఈకలు ఉబ్బించుకొని మూల కూర్చుంటే ఏమి చేయాలి? “తేనెటీగల జిగురు పెట్టండి, అది ప్రకృతి ఇచ్చిన మందు” అని కొందరు సలహా ఇస్తారు. ఈ మాటలో నిజమెంత? పరిశీలిద్దాం.

తేనెటీగలు పూలనుండి మకరందాన్ని తెస్తాయని మీకు తెలుసు. కొన్ని జాతుల ఈగలు చెట్ల మొగ్గల నుండి, బెరడు నుండి కారే బంకను కూడా తెస్తాయి. దానికి మైనం కలిపి పట్టులోని పగుళ్లను పూడ్చుకొంటాయి. ఈ జిగురునే ప్రొపోలిస్ అంటారు. ఇది గ్రీకు మాట. ‘పురానికి ముందున్నది’ అని దీని అర్థం. పట్టులోకి దూరిన ఎలుక చచ్చిపోతే దానిని బయటికి ఈడ్చే శక్తి ఈగలకు లేదు. అప్పుడు కళేబరానికి ఈ జిగురు పూస్తాయి. అందువల్ల అది కుళ్లి పట్టును పాడుచేయదు. ఈ గుణాన్ని గమనించే మనుషులు పూర్వం నుండి దీనిని గాయాలకు వాడారు.

మన కొండలలో, చెట్టు తొర్రలలో ఉండే దేశవాళీ తేనెటీగ ఈ జిగురును దాదాపు సేకరించదు. దీనిని ఎక్కువగా కూడబెట్టేది పెట్టెలలో పెంచే ఇటలీ తేనెటీగ. దానిని 1960 తరువాతి సంవత్సరాలలో పంజాబు ప్రాంతానికి తెచ్చి అలవాటు చేశారు. కుట్టని చిన్న తేనెటీగలు కూడా చెట్ల బంకను విరివిగా వాడతాయి.

ఇక పావురాల సంగతి చూద్దాం. వాటి అంటురోగాలకు కారణం ఒక్కటి కాదు. గొంతులో పసుపుపచ్చని జున్నువంటి గడ్డలు కట్టే రోగానికి ట్రైకోమోనాస్ అనే ఏకకణ జీవి కారణం. తల్లిదండ్రి పక్షులు రెండూ పిల్లలకు పట్టే ‘పావురపు పాల’ ద్వారా, కలిసి తాగే నీటి ద్వారా ఇది వ్యాపిస్తుంది. రెట్ట పచ్చబడి, రెక్కల కీళ్లు వాచే రోగానికి సాల్మొనెల్లా అనే బాక్టీరియా కారణం. మెడ తిరిగిపోయే రోగం వైరస్ వల్ల వస్తుంది. ఆ వైరస్ కోళ్లకు కొక్కెర తెగులు తెచ్చే వైరస్ కుటుంబానికి చెందినదే.

కారణాలు వేరైనప్పుడు మందు ఒక్కటే ఎట్లా అవుతుంది? ప్రయోగశాలలో జిగురు కొన్ని బాక్టీరియాల పెరుగుదలను అడ్డగించిన మాట నిజం. కాని సాల్మొనెల్లా వంటి వాటికి బయట మరొక పొర ఉంటుంది. అందువల్ల వాటిపై దీని ప్రభావం తక్కువ. పైగా గాజుపళ్లెంలో పనిచేసినది పక్షి కడుపులోనూ అంతే పనిచేయాలన్న నియమం లేదు. ఆ ప్రాంతంలోని చెట్లను బట్టి జిగురులోని పదార్థాలు మారుతుంటాయి. కనుక ఇంత మోతాదు అని నిర్ణయించడం కష్టం. ఇది నీటిలో సరిగా కరగదు. అందుచేత తరచు ఆల్కహాలులో కరిగించి అమ్ముతారు. పావురం బరువు సుమారు 300 గ్రాములే. మనిషికి చుక్కగా తోచేది దానికి ఎక్కువ కావచ్చు.

అయితే ఇంగ్లీషు మందుల దుకాణంలో దొరికిన మాత్రను విరిచి వేయవచ్చునా? అదీ తగదు. అవసరం లేకుండా, అరకొరగా యాంటీబయాటిక్ మందులు వాడితే సూక్ష్మజీవులు వాటికి లొంగకుండా పోతాయి. ఆ నష్టం పక్షితో ఆగదు, మనుషులకూ తగులుతుంది.

పక్షి తన జబ్బును దాచుకొంటుంది. బయటికి కనబడేసరికి రోగం ముదిరి ఉంటుంది. జిగురు పెట్టి నాలుగు రోజులు చూద్దామని కూర్చుంటే చేతులు కాలాక ఆకులు పట్టుకొన్నట్లే. వెంటనే దానిని వేరే గూటిలో ఉంచి పశువైద్యుని వద్దకు తీసుకొనిపోవాలి. హోసూరుకు ఈ విషయంలో మంచి పేరు ఉంది. అక్కడి మత్తిగిరిలో 1824లో మొదలైన పశువుల ఫారం, కోళ్ల పెంపకాన్ని బోధించే ప్రభుత్వ కళాశాల ఉన్నాయి.

రోగం రాకుండా చూడటం మన చేతిలోని పని. నీళ్లు రోజూ మార్చాలి. పాత్రలు కడిగి ఎండబెట్టాలి. కొత్త పక్షిని కొన్ని వారాలు విడిగా ఉంచాలి. ఎండిన రెట్ట దుమ్ము పీల్చితే మనకూ జబ్బులు రావచ్చు. అందుచేత దానిని తడిపి, ముక్కుకు గుడ్డ కట్టుకొని తీయాలి. తరువాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

తేనెటీగ తన ఇంటిని కాపాడుకోవడానికి జిగురును సమకూర్చుకొంది. దాని గుణాలను శాస్త్రజ్ఞులు ఇంకా పరిశోధిస్తున్నారు. ప్రకృతిలో దొరికినంత మాత్రాన ప్రతిదీ మందు కాదు. ఏ రోగానికి, ఎంత, ఎట్లా అని పరీక్షించి తేల్చినదే మందు. మనల్ని నమ్ముకొని గూటికి చేరిన పక్షికి మనం చేయవలసిన మేలు ఈ వివేకమే.