భయం, బెంగ - శరీర ఉష్ణోగ్రత

పిల్లవాడు దేనికైనా బెదిరి ఆ రాత్రి ఒళ్ళు వెచ్చబడితే మన పల్లెల్లో 'జడుపు జ్వరం' అంటారు. తాయెత్తు కడతారు, దిష్టి తీస్తారు. చికిత్స మాట అలా ఉంచండి. భయానికీ జ్వరానికీ సంబంధం ఉందన్న ఆ పరిశీలన మాత్రం తోసిపుచ్చదగింది కాదు.

మెదడులోని హైపోథాలమస్ మన లోపలి ఉష్ణోగ్రతను దాదాపు 37 డిగ్రీల సెల్సియస్ వద్ద నిలుపుతుందని మీకు తెలుసు. సూక్ష్మజీవుల వల్ల వచ్చే జ్వరంలో ప్రోస్టాగ్లాండిన్ ఇ2 అనే పదార్థం ఈ స్థాయిని పైకి జరుపుతుంది. పారాసిటమాల్ ఆ పదార్థం తయారీని తగ్గిస్తుంది కనుక జ్వరం దిగుతుంది. మానసిక ఒత్తిడి దారి వేరు. జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో ఎలుకల్లో ఈ దారిని గుర్తించారు. మెదడు ముందుభాగంలోని కొన్ని కణాలు ఒత్తిడి సంకేతాన్ని హైపోథాలమస్‌కు చేరవేస్తాయి. అక్కడి నుంచి సహానుభూత నాడీవ్యవస్థ మేల్కొంటుంది. గుండె వేగం పెరుగుతుంది, గోధుమరంగు కొవ్వు కరిగి వేడి పుడుతుంది, చర్మంలోని రక్తనాళాలు ముడుచుకొని ఆ వేడిని బయటికి పోనివ్వవు. పెద్దవారిలో ఈ కొవ్వు తక్కువ కాబట్టి ఎలుకల ఫలితాన్ని ఉన్నదున్నట్టుగా మనకు అన్వయించకూడదు.

'భయంతో కాళ్ళూ చేతులూ చల్లబడ్డాయి' అంటామే, అది ఈ రక్తనాళాల సంకోచమే. చేయి చల్లగా ఉన్న సమయంలోనే లోపలి వేడి పెరుగుతూ ఉండవచ్చు. అందుకే చేయి పట్టుకొని జ్వరం లేదని తేల్చకండి.

నెల్లూరు తీరాన్ని తీసుకోండి. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన పెనుతుఫానునూ, 2004 డిసెంబరు 26 ఆదివారం ఉదయం వచ్చిన సునామీనీ పట్టపుపాలేల వారు చూశారు. ఇటువంటి ఆపదల తర్వాత ఒత్తిడి జ్వరం రెండు విధాలుగా కనిపించవచ్చు. కొందరిలో ఉద్వేగం కలిగిన సమయంలోనే ఒక్కసారిగా పెరిగి, అది చల్లారగానే దిగుతుంది. అరుదుగా 41 డిగ్రీల వరకూ వెళ్ళిన సందర్భాలున్నాయి. మరికొందరిలో 37, 38 మధ్య వారాలు, నెలలు నిలిచిపోతుంది. దానికి అలసట, నిద్రలేమి తోడవుతాయి. ఏళ్ళు గడిచినా మైకులో తుఫాను హెచ్చరిక వినగానే చెమటలు పట్టేవారూ ఉంటారు. అప్పుడు శరీరం రాబోయే ఆపదకే స్పందిస్తోందన్నమాట.

అంగన్‌వాడీల్లో, పాఠశాలల్లో పనిచేస్తూ చదువుకుంటున్న మీరు ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. నీళ్ళు తీసిన ఊళ్ళో జ్వరం వస్తే మొదట అనుమానించవలసింది మలేరియా, డెంగీ, టైఫాయిడ్, ఎలుకల మూత్రం కలిసిన నీటితో వచ్చే లెప్టోస్పైరోసిస్. 'ఇల్లు పోయింది కదా, బెంగ పెట్టుకుంది' అని వదిలేస్తే ప్రాణం మీదికి వస్తుంది. రక్తపరీక్షల్లో ఏమీ తేలక, పారాసిటమాల్‌కు లొంగకపోతే అప్పుడు ఒత్తిడి సంగతి ఆలోచించాలి. అలాగని 'నటిస్తోంది' అనడం అంతకంటే తప్పు. థర్మామీటరులో కనిపించే వేడి నిజమైన వేడే.

మరో మాట. కుంగుబాటుకూ మానసిక వ్యాధులకూ ఇచ్చే కొన్ని మందులు చెమట పట్టే తీరును మారుస్తాయి. రోహిణీ కార్తె ఎండలో వలలు లాగేవారు అవి వాడుతుంటే వడదెబ్బ ముప్పు ఎక్కువ. మందు తమంతట తాము మానకూడదు గాని, ఆ సంగతి వైద్యుడికి చెప్పాలి.

ఇలాంటివారి చేత మూడు పూటలా ఉష్ణోగ్రత రాయించండి. పక్కనే ఆ పూట ఏం జరిగిందో, ఎంత నిద్రపోయారో కూడా రాయించండి. రెండు వారాల ఆ కాగితం వైద్యుడి ముందు పెడితే ఆయన పని సగం తేలికవుతుంది.