మూలకము ఎక్కడికి పోవును?

హైదరాబాదు నుండి సంగారెడ్డికి పోవు రహదారిలో రామచంద్రాపురము దాటి పటాన్‌చెరు వైపు సాగినచో ఇరుప్రక్కల కార్ఖానాలే కనిపించును. వాని పైకప్పు రేకులు వానలో నానినను త్వరగా తుప్పు పట్టవు. విద్యుత్తు తీగెలను మోయు ఉక్కు స్తంభములును అట్టివే. ఉక్కుపై పలుచగా పూసిన తుత్తునాగము, అనగా యశదము, వానిని కాపాడుచున్నది. 1960 దశకమున రామచంద్రాపురములో నెలకొనిన భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ మొదలు చిన్న షెడ్డుల వరకు ఈ ప్రాంతమంతయు లోహములపై ఆధారపడినదే. కాని ముడిఖనిజము నుండి యశదమును తీయు పెద్ద కర్మాగారము ఇచట లేదు. తెలుగునాట అది విశాఖపట్టణములో ఉండెడిది.

హిందూస్థాన్ జింక్ అను ప్రభుత్వ సంస్థ 1966లో ఏర్పడినది. విశాఖపట్టణమున దాని కర్మాగారము 1977లో ప్రారంభమైనది. యశదపు గనులు రాజస్థానములో ఉండగా కర్మాగారము సముద్రతీరమున ఏల? ఓడరేవు కలదు గనుక. లోహమునే విదేశముల నుండి కొనుటకంటె, శుద్ధిచేసిన ఖనిజమును ఓడలలో తెచ్చుకొని ఇచటనే లోహముగా మార్చినచో విదేశీ మారకద్రవ్యము కొంత మిగులును. ఆ మార్పునకగు కూలియు మన పనివారికే దక్కును. అప్పుడప్పుడే పరిశ్రమలు పెంచుకొనుచున్న దేశమునకు ఇది చిన్న విషయము కాదు.

యశద ఖనిజములో యశదము గంధకముతో కూడియుండును. దానిని సుమారు 900 డిగ్రీల వేడిమిలో గాలి తగులునట్లు కాల్తురు. దీనినే భర్జనమందురు. యశదము ఆక్సైడుగా మారును. గంధకము ఘాటైన వాయువై వెలువడును. పూర్వము ఈ వాయువును పొగగొట్టముల ద్వారా గాలిలోనికి వదలెడివారు. కెనడాలోని ట్రెయిల్ అను ఊరి కర్మాగారము పొగ సరిహద్దు దాటి అమెరికా రైతుల పంటలను, చెట్లను చెరచినందున రెండు దేశముల మధ్య వివాదము చెలరేగి, 1941లో గాని తుదితీర్పు రాలేదు. ఆ కర్మాగారమే గంధకమును పట్టి ఎరువులు చేయసాగెను!

పట్టుటకు ఉపాయము కష్టమైనది కాదు. వెనేడియము పెంటాక్సైడు ఉత్ప్రేరకముగా ఆ వాయువును మరికొంత ఆక్సిజనుతో కలిపి గంధకికామ్లముగా మార్తురు. విద్యార్థులు పరమాణుభారములు వేసి చూచుకొనవచ్చును: 65 పాళ్ల యశదముతో కూడియున్న 32 పాళ్ల గంధకము 98 పాళ్ల ఆమ్లమగును. అనగా ఒక టన్ను లోహమునకు టన్నున్నర ఆమ్లము. లోహముకంటె ఉపోత్పత్తియే బరువు! దానిని కొనువారు దగ్గరలో లేనిచో కర్మాగారమునకు అదియొక భారమే. ఫాస్ఫేటు ఎరువులకు ఈ ఆమ్లము అత్యవసరము. విశాఖలో కోరమాండల్ ఎరువుల కర్మాగారము 1967 నుండియే కలదు. ఇట్టి పొరుగు ఉండుట మేలు.

కాల్చిన పొడిని పలుచని గంధకికామ్లములో కరిగించి, మలినములను తొలగించి, విద్యుద్విశ్లేషణము చేసినచో అల్యూమినియపు రేకులపై యశదము పేరుకొనును. దానిని ఒలిచి కరగి దిమ్మెలుగా పోయుదురు. టన్నుకు 3,000 యూనిట్లకు పైగా విద్యుత్తు వ్యయమగును.

ఇచట అసలు ప్రశ్న వచ్చును. ఖనిజములోని ఇనుము, కాడ్మియము, సీసము, పాషాణము ఏమైనవి? కాడ్మియమును వేరుచేసి అమ్మవచ్చును. ఇనుము జారొసైటు అను పసుపుపచ్చని బురదగా దిగిపోవును. తక్కిన విషలోహములు కొంత దానితోనే పోవును. ఏ కొలిమియు మూలకమును నశింపజేయలేదు, చోటు మాత్రమే మార్చును. ఆఫ్రికాలోని జాంబియా దేశములో కబ్వే పట్టణపు సీసపు గని, కర్మాగారము 1994లో మూతపడినను, నేటికిని అచటి పిల్లల రక్తములో సీసము కనిపించుచున్నది.

విశాఖ కర్మాగారమునకును అంతము వచ్చినది. 2002లో సంస్థ యాజమాన్యము ప్రైవేటు చేతులలోనికి పోయినది. రాజస్థానములో గనులకు చేరువనే పెద్ద కర్మాగారములు పెరిగినవి. 2012లో విశాఖ కొలిమి ఆరిపోయినది. అట్టి చోట పనివారి జీతములు మాత్రమే ఆగవు; సరకు మోయు లారీలకు, గేటు ముందరి హోటళ్లకు గిరాకి పోవును. భూమిలోనికి దిగినది మాత్రము ఎచటికిని పోదు.

పటాన్‌చెరులో కొలిమి లేదుగదా, ఆ భయమేల అనరాదు. ఇచటి మందుల, రసాయనముల కార్ఖానాల మురుగు నక్కవాగులో కలసి మంజీర వైపు సాగినది. వాగు వెంబడి భూగర్భజలములో పాషాణము కనబడినది. పొలములు చెడిన గ్రామములవారి గోడు 1990లో సుప్రీంకోర్టు వరకు వెళ్లినది. ఒక్క పెద్ద కర్మాగారమైనచో ఒక్క గేటువద్ద అడుగవచ్చును. వందల షెడ్డులున్న చోట ఈ పాషాణము ఎవరిదని అడుగుట ఎంత కష్టమో రైతులే ఎరుగుదురు.

1994లో కార్ఖానాలన్నిటికిని ఉమ్మడిగా పటాన్‌చెరులో మురుగుశుద్ధి కేంద్రము ఏర్పడినది. ఇట్టి కేంద్రములలో సూక్ష్మజీవులు కర్బన పదార్థములను విరిచి తినివేయును. పాషాణమును, సీసమును అవి తినలేవు. అవి బురదలో చేరును, లేదా నీటితోనే సాగిపోవును. అట్టి విషపు బురదను దుండిగల్‌లో అడుగున నీరు దిగని పొర పరచిన గుంతలలో పూడ్తురు. ఆ గుంతల చుట్టునున్న బావుల నీటిని, గుంతలు నిండి మూసిన తరువాతను, ఏండ్ల తరబడి పరీక్షించుచుండవలెను.