మందుల చీటీ వెనుక ధర

మిగతా సరుకుల విషయంలో కొనేవాడు బేరమాడగలడు, ఒక అంగడిలో నచ్చకపోతే మరొక అంగడికి పోగలడు. మందుల దగ్గరికి వచ్చేసరికి ఏ మందు వాడాలో, అది ఏ కంపెనీదై ఉండాలో చీటీ రాసిన వైద్యుడే తేల్చేస్తాడు గనుక, పోటీ పెరిగితే ధర తగ్గుతుందన్న ఆర్థికశాస్త్ర సూత్రం ఇక్కడ సగమే పనిచేస్తుంది. మందుల ధరలకు ప్రభుత్వం హద్దు గీయడం అవసరమైంది ఇందువల్లనే.

ఆ హద్దును ప్రస్తుతం 2013 నాటి ఔషధ ధరల నియంత్రణ ఉత్తర్వు నిర్ణయిస్తుంది. అత్యవసర మందుల జాతీయ జాబితాలో చేరిన మందుకు, మార్కెట్లో కనీసం 1 శాతం వాటా ఉన్న బ్రాండ్లన్నింటి ధరల సగటు తీసి, దుకాణదారు లాభం కింద 16 శాతం కలిపి గరిష్ఠ ధర ప్రకటిస్తారు. అంతకుముందు తయారీ ఖర్చును బట్టి ధర కట్టేవారు. ఇప్పుడు అమ్ముడుపోతున్న ధరనే ఆధారంగా తీసుకుంటున్నందువల్ల, ఖరీదైన బ్రాండ్లు సగటును పైకి లాగినా అడ్డుకునే ఏర్పాటు లేదు. టోకు ధరల సూచీ, అంటే టోకు వ్యాపారంలో సరుకుల ధరలు ఏడాదిలో ఎంత మారాయో చూపే అంకె, పెరిగిన మేరకు కంపెనీలు ఏటా ఏప్రిల్‌లో ఈ మందుల ధర పెంచుకోవచ్చు. ఆ పెంపు 2023లో 12 శాతం దాటింది, మరుసటి ఏడు దాదాపు శూన్యం. జాబితాలో లేని మందులకైతే ఏడాదికి 10 శాతం వరకు పెంచుకునే వీలుంది. ఏటా అలా పెంచుకుంటూ పోతే ఎనిమిదేళ్లు తిరగకుండానే ధర రెట్టింపవుతుంది.

పేటెంటు, అంటే కొత్తగా కనిపెట్టినదానిని 20 ఏళ్లపాటు తామే తయారుచేసి అమ్ముకునే హక్కు, ఉన్న మందుల కథ వేరు. 1970 నాటి చట్టం మందును వదిలి తయారీ పద్ధతికి మాత్రమే ఈ హక్కు ఇవ్వడంతో, అదే మందును మరో పద్ధతిలో చౌకగా చేసే పరిశ్రమ హైదరాబాద్ చుట్టూ పెరిగింది. ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందానికి కట్టుబడి 2005లో చట్టాన్ని సవరించాక మందుకే పేటెంటు వచ్చింది. కాలేయ, మూత్రపిండాల క్యాన్సర్లకు వాడే సొరాఫెనిబ్‌ను బేయర్ కంపెనీ నెలకు సుమారు 2,80,000 రూపాయల ధరకు అమ్ముతుండగా, 2012 మార్చిలో పేటెంట్ల కంట్రోలర్ హైదరాబాద్‌కు చెందిన నాట్కోకు తప్పనిసరి లైసెన్సు, అంటే పేటెంటుదారు ఒప్పుకోకపోయినా రాయల్టీ చెల్లించి తయారుచేసే అనుమతి, ఇచ్చారు. నాట్కోకు నిర్ణయించిన ధర 8,880 రూపాయలు. పరిశోధనకు పెట్టినది రాబట్టుకోవాలన్న కంపెనీల వాదనలో నిజం లేకపోలేదు గాని, ముప్పై రెట్ల తేడాకు అదొక్కటే సమాధానం కాజాలదు. అయినా దేశంలో ఆ తరువాత మరే మందుకూ అలాంటి లైసెన్సు ఇవ్వలేదు.

జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం 2021–22లో దేశ మొత్తం ఆరోగ్య వ్యయంలో 39.4 శాతం ప్రజలు నేరుగా జేబులోంచి పెట్టుకున్నదే, అందులో మందులది పెద్ద వాటా. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వంటి పథకాలు ప్రధానంగా ఆసుపత్రిలో చేరి పొందే చికిత్సకు ఉద్దేశించినవి కావడంతో, బీపీకీ షుగరుకూ నెలనెలా కొనే మాత్రల ఖర్చు ఇంటి మీదే పడుతుంది. ఆపరేషన్ బిల్లులా ఒక్కసారిగా మీద పడదు కాబట్టి దానిని ఎవరూ పెద్దగా లెక్కవేయరు.

ఇవే మాత్రలు బ్రాండు పేరు లేకుండా, అంటే జెనరిక్ రూపంలో, జన ఔషధి కేంద్రాల్లో చాలా తక్కువకు దొరుకుతాయి. అయితే చీటీ మీదే అమ్మవలసిన షెడ్యూల్ హెచ్ మందుల్లో, వైద్యుడు ఒక బ్రాండు రాస్తే, దుకాణదారు దాని బదులు అదే మందును మరో పేరుతో ఇవ్వడానికి ఔషధ నియమాల్లోని 65వ నిబంధన ఒప్పుకోదు. వైద్యులు జెనరిక్ పేర్లే రాయాలంటూ జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టులో నిబంధనలు ప్రకటించి, వైద్య సంఘాల అభ్యంతరాల నడుమ అదే నెలలో వాటిని పక్కన పెట్టింది.