పసివాళ్ళకు పక్షవాతమా?

పక్షవాతం పెద్దవాళ్ళ జబ్బని మనందరి నమ్మకం. రక్తపోటు, చక్కెర వ్యాధి, పొగతాగుడు ఇవేవీ లేని పసివాడికి పక్షవాతం ఏమిటి అని అడుగుతారు. సెలవులకు వెళ్ళినప్పుడు తెనాలిలో, బాపట్లలో, రేపల్లెలో మా బంధువుల ఇళ్ళల్లో ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. చదువుకోనివాళ్ళూ అంటారు, చదువుకున్నవాళ్ళూ అంటారు. వైద్య విద్యార్థిగా నేను చెప్పదలచుకున్నది ఒకటే: పసివాళ్ళకూ పక్షవాతం వస్తుంది. రాదనుకోవడంలోనే వైద్యానికి పనికివచ్చే సమయం కాస్తా గడిచిపోతుంది.

ఇది తరచుగా కనిపించే జబ్బు కాదు. వివిధ దేశాల లెక్కల ప్రకారం ఏటా లక్షమంది పిల్లల్లో సుమారు 2 నుంచి 13 మందికి వస్తుంది. అప్పుడే పుట్టిన శిశువుల్లో ఇంకా ఎక్కువ. సుమారు నాలుగు వేల జననాలకు ఒకటి. అరుదే గాని, వచ్చిన ఇంటికి మాత్రం అది అరుదు కాదు.

పక్షం అంటే ప్రక్క. శరీరంలో ఒక ప్రక్క పడిపోతుంది కనుక పక్షవాతమన్నారు. మెదడు ఎడమ సగం కుడి కాలూ చేతులను, కుడి సగం ఎడమవాటిని నడిపిస్తాయి. మెదడుకు రక్తం తెచ్చే ధమని మూసుకుపోయినా, నాళం చిట్లి రక్తం బయటికి పారినా, వాడిన రక్తాన్ని వెనక్కు తీసుకుపోయే సిరలో గడ్డ కట్టినా ఆ భాగం పని ఆగిపోతుంది. కాలువ పూడినా, కాలువకు గండి పడినా, మురుగుకాలువ మూసుకుపోయినా చేను పాడవుతుంది గదా! డెల్టావాళ్ళకు ఇంతకంటె విడమరచి చెప్పనక్కరలేదు. పెద్దల్లో ఎక్కువభాగం పూడిక వల్ల వచ్చేవే. పిల్లల్లో పూడికలూ గండ్లూ దాదాపు చెరిసగం.

కారణాలు అర్థం కావడానికి మూడు ఊళ్ళ పేర మూడు ఉదాహరణలు చెబుతాను. పిల్లలు కల్పితం, జబ్బులు మాత్రం నిజం.

తెనాలిలో పదినెలల పిల్లవాడు మంచంమీద నుంచి పడ్డాడు. పెద్ద దెబ్బేమీ కాదు. కాసేపు ఏడ్చి పాలు తాగాడు. ఆ తరువాత చూస్తే కుడిచెయ్యి లేవడంలేదు, మూతి ఓ ప్రక్కకు పోయింది. ఇంట్లోవాళ్ళు గూడ జారిందనుకుని కట్టు కట్టించడానికి బయలుదేరతారు. కాని కొందరు పసివాళ్ళలో మెదడు లోపలి భాగానికి వెళ్ళే సన్నని రక్తనాళాల గోడల్లో సున్నం పేరుకుని ఉంటుంది. అలాంటివారికి చిన్న దెబ్బ తగిలినా ఆ నాళాల్లో రక్తం ఆగిపోవచ్చు. మనదేశంలో ఈ రకం బాగానే కనబడుతోంది. హైదరాబాదులోని పిల్లల నాడీవైద్యులు లోకేశ్ లింగప్ప, ఆయన సహచరులు దీనిమీద 2014లో ఒక అంతర్జాతీయ వైద్యపత్రికలో వ్యాసం ప్రచురించారు. ఆ సున్నపు చుక్కలు ఎం.ఆర్.ఐ. కంటే సి.టి. స్కానులోనే బాగా కనబడతాయి. వీరిలో చాలామంది చక్కగా కోలుకుంటారన్నది ఊరటనిచ్చే సంగతి.

బాపట్లలో తొమ్మిదేళ్ళ అమ్మాయి. ఎప్పుడో గొంతునొప్పి వచ్చింది, తరువాత కీళ్ళు వాచి జ్వరం వచ్చింది. ఎదిగే వయసులో కీళ్ళనొప్పులు మామూలేనని సరిపెట్టుకున్నారు. ఆ జ్వరం కీళ్ళను వదిలేసి గుండె కవాటాలను పట్టుకుంది. కవాటం సన్నబడితే గుండెలో రక్తం నిలవ ఉండి గడ్డకడుతుంది. ఆ గడ్డ ఒకనాడు మెదడుకు ప్రయాణం కట్టింది. కుడిప్రక్క పడిపోయి, మాట కూడా పోయింది. ఈ కీళ్ళజ్వరాన్ని మొదట్లోనే గుర్తించి, మూడువారాలకొకసారి పెన్సిలిన్ ఇంజెక్షను ఏళ్ళ తరబడి మానకుండా వేయిస్తే గుండె చాలావరకు కాపాడబడుతుంది. పుట్టుకతో గుండెలో రంధ్రాలున్న పిల్లలకు, ముఖ్యంగా పెదవులు, గోళ్ళు నీలంగా ఉండే పిల్లలకు కూడ ఇదే ప్రమాదం ఉంది.

రేపల్లె దగ్గర ఏడేళ్ళ కుర్రవాడు తిరునాళ్ళలో బూర కొనుక్కుని ఊదాడు. ఉన్నట్టుండి ఎడమచెయ్యి వాలిపోయింది. పదినిమిషాల్లో మామూలయింది. గట్టిగా ఏడ్చినప్పుడు మరోసారి అలాగే అయింది. వేషాలు వేస్తున్నాడని కసిరి ఊరుకున్నారు. మెదడుకు వెళ్ళే పెద్ద ధమనులు క్రమంగా ఇరుకై, వాటి చుట్టూ జుట్టుపోగుల్లాంటి సన్ననాళాలు పుట్టుకొచ్చే జబ్బు ఒకటుంది. ఎక్సరే చిత్రంలో అది పొగలాగా కనబడుతుందని జపాను వైద్యులు సుజుకి, తకాకు 1969లో దానికి ‘మోయమోయ’ అని పేరుపెట్టారు. గట్టిగా ఊదినా, వెక్కివెక్కి ఏడ్చినా రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గి మెదడు నాళాలు ముడుచుకుంటాయి. అసలే ఇరుకైన దారి ఇంకా ఇరుకవుతుంది. ఆ పదినిమిషాల బలహీనత వేషం కాదు, ముందస్తు హెచ్చరిక! నెత్తి చర్మంలోని ధమనిని మెదడు ధమనితో కలిపి కుట్టడమో, మెదడు ఉపరితలంమీద పరచడమో చేసి రక్తానికి కొత్తదారి కల్పించే శస్త్రచికిత్స ఉంది. పక్షవాతం స్థిరపడకముందే చేయిస్తే బిడ్డ దక్కినట్లే.

ఇవిగాక మరికొన్ని కారణాలున్నాయి. ఆటలమ్మ పోసిన తరువాత కొన్ని నెలలకు మెదడు ధమనులు వాచి మూసుకుపోవచ్చు. మెదడు పొరలకు క్షయ సోకితే నాళాలు పాడవుతాయి. వాంతులు, విరేచనాలతో ఒళ్ళు ఎండిపోయినా, చెవిలో చీము లోపలికి పాకినా సిరల్లో గడ్డలు కట్టవచ్చు; రక్తహీనత ఉన్నవారికి ప్రమాదం మరింత ఎక్కువ. పుట్టగానే ‘కె’ విటమిను ఇంజెక్షను పడని శిశువులకు మొదటి మూడునెలల్లో తలలో రక్తస్రావం కావచ్చు. పుట్టుకతోనే చిక్కుపడిన నాళాలు చిట్లి రక్తస్రావం కావడమూ ఉంది. గిరిజన ప్రాంతాల్లో ఎక్కువగా ఉండే సికిల్ సెల్ రక్తహీనత మరో కారణం. ఆ పిల్లల మెదడు ధమనుల్లో రక్తవేగాన్ని కొలిచి, ప్రమాదం ఉన్నవారికి క్రమంగా రక్తం ఎక్కిస్తే పక్షవాతాలు దాదాపు పదింట తొమ్మిది వంతులు తగ్గాయని 1998లో అమెరికా వైద్యులు నిరూపించారు. మనదేశంలో సికిల్ సెల్ నిర్మూలనకు 2023 జూలై 1న జాతీయ కార్యక్రమం మొదలయింది.

మరి గుర్తుపట్టడం ఎలా? హఠాత్తుగా ఒక ప్రక్క కాలూచెయ్యీ పడిపోవడం, మూతి వంకరపోవడం, మాట తడబడడం పెద్దల్లోలాగే ఉంటాయి. పిల్లల్లో ఫిట్సు, తీవ్రమైన తలనొప్పి, వాంతులు, మగతతో కూడ మొదలుకావచ్చు. ఫిట్సు తరువాత కాసేపు చెయ్యి బలహీనంగా ఉండడం మామూలు జబ్బుల్లోనూ ఉంది. కాని ఏది ఏదో తేల్చవలసింది డాక్టరు, మనం కాదు. ఇంకొక గుర్తు చాలామందికి తెలియదు. ఏడాది నిండని బిడ్డకు చేతివాటం ఏర్పడదు, రెండు చేతులూ సమానంగా చాపుతుంది. ఎప్పుడూ ఒక్క చేతినే వాడుతూ రెండోది పిడికిలి బిగించి ఉంచితే “మా వాడిది ఎడమచేతి వాటం” అని మురిసిపోకండి, వెంటనే చూపించండి.

ఇంటిదగ్గర చేయకూడనివి కొన్ని ఉన్నాయి. మింగడం సరిగాలేని బిడ్డ నోట్లో పాలు, నీళ్ళు, మాత్రలు పోయకూడదు. ముక్కులో పసరు పిండకూడదు. పావురం రక్తం రాసి పొద్దుపుచ్చకూడదు. పక్షవాతానికి మంచిదట అని ఆస్పిరిన్ వేయకూడదు. లోపల రక్తస్రావం ఉంటే అదే విషమవుతుంది. బిడ్డను ఒక ప్రక్కకు పడుకోబెట్టి 108కి ఫోను చేయాలి. లక్షణాలు ఎన్ని గంటలకు మొదలయ్యాయో గుర్తుంచుకోవాలి. స్కానూ, పిల్లల డాక్టరూ, నాడీవైద్యుడూ ఉన్నచోటికి నేరుగా చేరాలి. గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రి తెనాలికి సుమారు 25, బాపట్లకు 50, రేపల్లెకు 60 కిలోమీటర్ల దూరంలో ఉంది. నా అంచనాలో ఈ దూరం కంటే, “చిన్నపిల్లలకు ఇదేమిటి, రేపు చూద్దాం” అనే ఆలస్యమే పెద్దది.

చికిత్సలో మొదటిమెట్టు స్కాను. గడ్డా, రక్తస్రావమా తేలితేగాని మందు నిర్ణయం కాదు. గడ్డయితే డాక్టరు తూచి ఇచ్చే ఆస్పిరిన్ గాని, గుండె, సిరల గడ్డలకు హెపారిన్ గాని వాడతారు. రక్తస్రావమైతే అవసరాన్నిబట్టి ఆపరేషను చేస్తారు. పెద్దలకు నాలుగున్నర గంటల్లోపు ఇచ్చే గడ్డ కరిగించే మందు పిల్లల విషయంలో ఇంకా గట్టిగా రుజువు కాలేదు. దానిని పరీక్షించడానికి అమెరికాలో తలపెట్టిన అధ్యయనం తగినంతమంది పిల్లలు చేరక 2013లో ఆగిపోయింది. అందుకే పిల్లల్లో అసలు వైద్యమంతా కారణాన్ని పట్టుకుని, రెండోసారి రాకుండా అడ్డుకోవడంలో ఉంది. గుండె పరీక్ష, రక్తపరీక్షలు, మెదడు నాళాల చిత్రం తీయించకుండా “చెయ్యి కదిలిందిగా” అని ఇంటికి తీసుకుపోవడం సగం వైద్యమే. 2007లో మన రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ, ఇప్పటి ఎన్టీఆర్ వైద్యసేవ, గుండె, మెదడు శస్త్రచికిత్సల్లో పేదకుటుంబాలకు ఆసరాగా ఉంది.

తరువాతి భారం ఇంటిది, బడిది. ఎదిగే మెదడుకు కొత్తదారులు వెతుక్కునే శక్తి ఉంది, కాని దానికి అభ్యాసం కావాలి. మంచిచేతికి రోజూ కొన్ని గంటలు తొడుగువేసి, బలహీనమైన చేతితోనే ఆడించే పద్ధతి సత్ఫలితాలిస్తోంది. ఖర్చులేనిది, ఓపిక మాత్రం కావాలి.

ఈ సంచిక చదివే మిత్రుల్లో చాలామంది రేపు ఉపాధ్యాయులవుతారు, తల్లిదండ్రులవుతారు. తరగతిలో ఒక పిల్లవాడి చేతిలోంచి పలక జారిపడితే, కలం పట్టు ఉన్నట్టుండి తప్పితే కోప్పడేముందు ఒక్కక్షణం ఆ చేతివైపు చూడండి. పిల్లలకు పక్షవాతం వస్తుందని తెలిసిన మనిషి ఒక్కడు దగ్గరుంటే చాలు, ఆ బిడ్డ సకాలంలో ఆసుపత్రి చేరుతుంది.