ఖాళీ టాంకులో కాపురం

శాటర్న్-5 రాకెట్ మూడో దశ ఎస్-4బి. అడ్డుకొలత 6.6 మీటర్లు, పొడవు 17.8 మీటర్లు. వ్యోమగాముల్ని చంద్రుడి దారి పట్టించాక దాని పని సరి. లోపల హైడ్రోజన్ టాంకు మాత్రం దాదాపు 280 ఘనపు మీటర్ల చోటుతో ఖాళీగా మిగులుతుంది. చంద్రుడి మీద ఇద్దరు మనుషులు తలదాచుకున్న లూనార్ మాడ్యూల్ క్యాబిన్ చూస్తే 7 ఘనపు మీటర్లు కూడా లేదు. ఇంజినీర్లకు ఆశ పుట్టిందంటే పుట్టదూ మరి!

1966లో నాసా మార్షల్ కేంద్రం ఒక ప్రతిపాదనను పరిశీలించింది. దశకు కాళ్లు తగిలించి చంద్రుడి మీద దించడం, మిగిలిన హైడ్రోజన్‌ను బయటికి వదిలి టాంకులో గాలి నింపడం, అందులో మనుషులు ఉండటం. అది కాగితం దాటలేదు.

చిక్కంతా దించడంలోనే ఉంది. చంద్రుడి మీద గాలి లేదు కనుక పారాచూట్ పనికిరాదు. సెకనుకు 2.5 కిలోమీటర్ల వేగాన్ని ఇంజిన్ మండించే చంపాలి. దానికి కావలసిన ఇంధనాన్ని భూమి నుంచే మోసుకెళ్లాలి. అంటే ఊరికే వస్తుందనుకున్న ఇంటికి రవాణా ఖర్చే తడిసి మోపెడు. ఆ వేగం తగ్గించకపోతే ఏమవుతుందో 1970 ఏప్రిల్‌లో తెలిసింది. అపోలో-13 తాలూకు 14 టన్నుల ఖాళీ దశను కావాలనే చంద్రుడి మీద కూల్చారు. అపోలో-12 వాళ్లు పెట్టి వచ్చిన భూకంప మాపకం ఆ కుదుపును మూడు గంటలకు పైగా నమోదు చేసింది. తర్వాతి నాలుగు అపోలో యాత్రల దశలదీ అదే గతి. ఇళ్లు కావలసినవి గుంతలయ్యాయి.

భూకక్ష్యలో ఈ ఆలోచన ఇంకాస్త ముందుకెళ్లింది. దశను ఇంధనంతోనే పైకి పంపి, టాంకు ఖాళీ అయ్యాక వ్యోమగాములు లోపలికెళ్లి సర్దుకోవాలన్నది పథకం. ఇంధనం అడ్డులేకుండా పారాలని టాంకు లోపలి నేలను జల్లెడలా చిల్లులతో గీశారు. కానీ స్పేస్‌సూట్‌లో బోల్టు బిగించడమే గగనం. 1966లో జెమిని-9 నుంచి బయటికొచ్చిన వ్యోమగామి సెర్నన్‌కు చెమటతో హెల్మెట్ అద్దం మసకబారి దారే కనిపించలేదు.

చివరికి 1969లో పథకం మార్చారు. టాంకును భూమి మీదే ఇల్లుగా అమర్చి, ఇంధనం పోయకుండా 1973లో పంపారు. అదే స్కైలాబ్. చిల్లుల నేల అలాగే ఉండిపోయింది, వ్యోమగాములు బూట్లు అందులో ఇరికించి నిలబడేవారు. ఆక్సిజన్ టాంకు చెత్తకుండీ అయింది. 1979 జులైలో స్కైలాబ్ నెత్తిన పడుతుందని తెలంగాణ పల్లెల్లో కోళ్లూ మేకలూ కోసుకు తిన్నారని చెప్పుకునేది ఈ టాంకు గురించే. పడింది మాత్రం హిందూ మహాసముద్రంలో, పశ్చిమ ఆస్ట్రేలియాలో.