అడుగు కనిపిస్తోందని నీళ్లలో దిగకండి!

వేసవి సెలవులొస్తే పల్లె పిల్లలకు బావి గట్టే బడి. నీళ్లు తేటగా ఉండి అడుగున రాళ్లు కనిపిస్తుంటే ఈత రానివాడికి కూడా ధైర్యం వస్తుంది. 'ఇంతే కదా లోతు' అని దిగుతాడు. అక్కడే మోసం. తేట నీరు ప్రతి నాలుగడుగుల్లో ఒక అడుగు దాచేస్తుంది.

ఆరడుగుల మడుగులోకి పైనుంచి నిలువుగా చూస్తే నాలుగున్నర అడుగులే అనిపిస్తుంది. అయిదున్నర అడుగుల మనిషి భుజాల దాకే వస్తాయనుకుంటాడు. దిగితే తల మునుగుతుంది. గట్టున నిలబడి ఏటవాలుగా చూస్తే లోతు ఇంకా తక్కువగా కనిపిస్తుంది. మనం చెరువును చూసేది ఎక్కువగా అలాగే కదా! పన్నెండేళ్ల వయసులో ఈ విలేకరి కూడా అలాగే దిగాడు. మేనమామ జుట్టు పట్టి లాగబట్టి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాడు.

ఇందులో మాయేమీ లేదు. వెలుతురు గాలిలో సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. నీటిలో ఆ వేగం 2.25 లక్షలకు తగ్గుతుంది. ఎడ్లబండి బురదలోంచి ఏటవాలుగా గట్టి నేల ఎక్కేటప్పుడు చూడండి. ముందు బయటపడిన చక్రం జోరుగా కదులుతుంది, రెండోది బురదలోనే ఈడుస్తుంది. బండి దారి మళ్లుతుంది. నీటిలోంచి బయటికొచ్చే వెలుతురు కూడా అంతే, నీటి అంచు దగ్గర వంగుతుంది. మన కంటికి ఆ వంపు తెలియదు. తిన్నగానే వచ్చిందనుకుని అడుగునున్న రాయిని పైన ఉన్నట్టు చూపిస్తుంది. (తాతగారి కళ్లజోడు పనిచేసేది కూడా గాజులో వెలుతురు వంగబట్టే.)

నమ్మకం కుదరకపోతే ఇంట్లోనే చూడొచ్చు. గిన్నెలో రూపాయి బిళ్ల వేసి, అంచు చాటున అది కనిపించకుండా పోయేదాకా వెనక్కి జరగండి. ఇంకొకరిని బిళ్ల కదలకుండా నెమ్మదిగా నీళ్లు పోయమనండి. బిళ్ల మళ్లీ కనిపిస్తుంది! బల్లెంతో చేపలు పొడిచేవారికి ఈ సంగతి ఏ పుస్తకమూ చెప్పనక్కర్లేదు. చేప కనిపించిన చోటికి కాస్త కిందికి గురిపెడతారు.

రాళ్లు తీసి వదిలేసిన క్వారీ గుంతల దగ్గర మరీ జాగ్రత్త. అక్కడ నీళ్లు తేటగా ఉంటాయి, అంచు మాత్రం ఒక్కసారిగా లోతుకు పోతుంది. లోతు తెలియాలంటే కంటిని కాదు, తాడును అడగాలి. మూరకొక ముడి వేసి, కొసకు రాయి కట్టి వదలండి. రాయి అడుగు తాకేసరికి నాలుగు ముడులు తడిస్తే, అది ఆరడుగుల లోతు.